గుడ్డగోడకు జేజేలు

జేజేలు నీకు, గుడ్డగోడా! ఇటుక ఎరగవు, సున్నం ఎరగవు, పునాది మాట అసలే ఎరగవు. నాలుగు గుంజలు, గుప్పెడు మేకులు, బిగించి కట్టిన తాళ్ళు. వీటి మీదే నిలబడి మారా మైదానం మొత్తాన్నీ రాత్రంతా నా చెవి పక్కన పడుకోబెట్టావు. రాజులు కోటగోడలు మందంగా కట్టించుకున్నది బయటిది లోపలికి రాకూడదని. నీకా పట్టింపు లేదు. గాలిని రమ్మన్నావు, ఎండుగడ్డి వాసనని రమ్మన్నావు, సింహం గొంతుని రమ్మన్నావు. దోమని ఒక్కదాన్నే గుమ్మం దగ్గర ఆపావు. ఇంత తెలిసిన గోడని నేను మరెక్కడా చూడలేదు.

కెన్యా నైరుతి మూలన, భూమధ్యరేఖకి ఒకటిన్నర డిగ్రీలు దిగువన, మసాయి మారా అభయారణ్యానికి పక్కనే నబోయిషో కన్జర్వెన్సీ ఉంది. సుమారు 50 వేల ఎకరాల పచ్చికబయలు. అందులో ఒక మిట్ట మీద, గొడుగు తుమ్మల నీడన, ఒకదానికొకటి కనపడనంత ఎడంగా కొన్ని గుడారాలు. పట్టుమని పది కూడా లేవు. నైరోబీలోని విల్సన్ విమానాశ్రయంలో చిన్న విమానం ఎక్కితే ముప్పావుగంట ప్రయాణం. సామాను 15 కిలోలు మించకూడదు, మెత్తటి సంచిలోనే సర్దుకోవాలి. దిగేది మట్టి రన్‌వే మీద. విమానం వాలబోయే ముందు ఎవరో ఒకరు జీపులో వెళ్ళి జీబ్రాలని పక్కకి అదిలించి వస్తారు. ప్రయాణం గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. చెప్పవలసిందంతా నీ గురించే.

లోపలికి అడుగు పెడితే నువ్వు గుడారానివంటే నమ్మబుద్ధి కాదు. కొయ్యపలకల నేల, దాని మీద నేత తివాచీ, దోమతెర దించిన పట్టెమంచం, మడత నలగని తెల్ల దుప్పట్లు, రాసుకోవడానికి బల్ల, బల్ల మీద ఇత్తడి లాంతరు. లాంతర్లో వెలిగేది పగలంతా ఎండ తాగిన సోలార్ దీపం. జెనరేటరు రొద ఎక్కడా లేదు. ఐదువేల అడుగులకు పైబడిన ఎత్తు కాబట్టి ఆగస్టులో పొద్దు వాలితే చాలు, చలి పట్టుకుంటుంది. రాత్రి భోజనం చేసి వచ్చేసరికి పక్కలో పాదాల దగ్గర, ఉన్ని తొడుగు వేసిన వేడినీళ్ళ సంచి పెట్టి వెళ్ళి ఉంటారు. చీకట్లో అది కాలికి వెచ్చగా తగిలి ఉలిక్కిపడతాం. ఆ తర్వాత, పెట్టిన చెయ్యి ఎవరిదో తెలియకుండానే, మనసులో దండం పెట్టుకుంటాం.

కానీ నీ వైభవంలో నాకు అన్నిటికన్నా ప్రియమైంది బకెట్ స్నానం. సాయంత్రం ఎన్నింటికి నీళ్ళు కావాలో ముందే చెప్పాలి. ఆ వేళకి గుడారం వెనక అడుగుల చప్పుడు. కట్టెల మంట మీద కాచిన నీళ్ళని కాన్వాస్ బకెట్లో పోసి, కప్పీ మీదుగా తాడు లాగి, గుంజ కొసకి ఎక్కిస్తారు. "నీళ్ళు సిద్ధం సార్" అని గోడ అవతలి నుంచి మెల్లగా ఒక మాట. గొలుసు లాగితే ధార, వదిలితే ఆగుతుంది. ఇరవై లీటర్లు, అంతే. ఒళ్ళు తడుపుకుని ఆపాలి. సబ్బు రుద్దుకుని మళ్ళీ లాగాలి. మొదటి ధారకే రోజంతా పట్టిన దుమ్ము మోకాళ్ళ మీదుగా చారలు కట్టి, కాలివేళ్ళ సందుల్లోంచి పారుతుంది. ఆ నీళ్ళకి, భోగినాడు పెరట్లో కాగులో కాగిన తలంటు నీళ్ళకుండే పొగవాసన. కాసేపటికి తల పైన బకెట్ తేలికై గుంజకి కొట్టుకుంటుంది, ధార సన్నబడుతుంది. మిగిలిన చారెడు నీళ్ళనీ మెడ మీదకి జరుపుకుని అలాగే నిలబడిపోతాం. పట్నంలో కొళాయి కింద నీళ్ళని ఇంత శ్రద్ధగా నేనెన్నడూ ఒంటికి పట్టించుకోలేదు. ఇక్కడ ప్రతి బొట్టునీ ఒక మనిషి మోసుకొచ్చాడు.

ఇక రాత్రి. రాత్రే నీ అసలు కొలువు. లాంతరు ఆర్పగానే నువ్వు పలచబడతావు, పలచబడి పలచబడి ఉన్నావో లేవో తెలియనంతగా అయిపోతావు. మొదట చిమ్మెటల రొద. ఎక్కడో దూరాన దుమ్ములగొండి కూత, కింద మొదలై పైకి సాగి గాల్లోనే తెగిపోతుంది. దానికి ఇంకో దిక్కు నుంచి బదులు. అర్ధరాత్రి దాటాక నీకు అవతలి వైపు, నా తలకి రెండు బారల దూరంలో, గడ్డి తెగుతున్న చప్పుడు. నాలుకతో చుట్టి, పళ్ళతో పట్టి, పరపరా లాగి తెంపడం. ఆగి ఒక బరువైన ఊపిరి. మళ్ళీ పరపర. ఆఫ్రికా దున్న మేస్తోంది. దాని పొట్టలో మేత కదిలే గుడగుడ కూడా వినిపించింది. నాకూ దానికీ మధ్య ఉన్నది నువ్వొక్కదానివే, గోరంత మందం గుడ్డవి. గుండె చెవుల్లో కొట్టుకుంది. భయమా అంటే, భయమే. కానీ ఆ భయం నన్ను ముడుచుకోనివ్వలేదు, ఒళ్ళంతా చెవులు చేసి కూర్చోబెట్టింది. ఒక పెద్ద జంతువు కడుపు నింపుకుంటుంటే ఇంత దగ్గరగా, దానికి అడ్డం రాకుండా, దానితోపాటు మేలుకుని ఉండడం ఎంత భాగ్యం!

తెల్లవారుజామున సింహం పిలిచింది. సినిమాల్లో వినే గర్జన పోలిక దీనికి రాదు. తల నేలకి వంచి పొట్ట లోతుల్లోంచి తవ్వి తీసే మూలుగు ఇది. ముందు పొడుగ్గా, ఒకటి, రెండు, మూడు. ఆ మీద దమ్ము తీస్తున్నట్టు పొట్టిపొట్టిగా, తగ్గుతూ తగ్గుతూ మట్టిలోకి ఇంకిపోతుంది. ఎనిమిది కిలోమీటర్ల దూరాన కూడా వినిపించగల గొంతు. ఎంత దగ్గర్లో ఉందో చెవికి అంతుపట్టలేదు గానీ, ఎదురురొమ్ము మీద పెట్టుకున్న అరచేతికి ఆ అదురు తెలిసింది. రాతిగోడైతే ఆ కబురు నాకు అందనిచ్చేదా? అద్దాల కిటికీ ఐతే సగం మింగి సగం చెప్పేది. నువ్వు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చేరవేశావు. అందుకే నీకు జేజేలు.

నీ చుట్టూ రాత్రంతా తిరిగే మనిషిని మరిస్తే ఈ పొగడ్త చెల్లదు. అస్కారీ అంటారు అతన్ని. భుజాన ఎర్రగళ్ళ షుకా దుప్పటి, ఒక చేతిలో ఈటె, ఇంకో చేతిలో టార్చి. చీకటి పడ్డాక అతను తోడు లేకుండా గుమ్మం దాటకూడదు, పక్క గుడారానికైనా సరే. పొదల్లోకి టార్చి తిప్పితే జతలు జతలుగా కళ్ళు మెరుస్తాయి. మెరుపు రంగుని బట్టీ, నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నాయన్నదాన్ని బట్టీ ఏ కళ్ళు ఎవరివో చెప్పేస్తాడు. చిన్నతనంలో ఆవుల మంద వెంట తిరిగి నేర్చిన చదువు అది. లోపలికి పంపేటప్పుడు ఒక్కటే జాగ్రత్త చెప్తాడు, జిప్పు కింది దాకా వెయ్యమని. వేసి ఉన్నంతసేపూ మృగానికి గుడారం ఒక బండరాయి కిందే లెక్కట. తెరిచి ఉంచితే పగలు కోతులు, రాత్రి ఎవరొస్తారో చెప్పలేం. ఒక బొటనవేలూ చూపుడువేలూ పట్టి లాగే ఆ చిన్న జిప్పు మీద ఇంత నమ్మకం పెట్టుకుని నిద్రపోవడం మొదటి రాత్రి వింతగా ఉంటుంది. రెండో రాత్రికి అలవాటైపోతుంది.

తెల్లవారుజాము నాలుగున్నరకి మెలకువొస్తే తెర పైకెత్తి ఆకాశం చూడాలి. ఈశాన్యాన పైకెక్కిన పిల్లలకోడి, ఒక్కో పిల్లనీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. తూర్పున పైకొస్తున్న గొల్లకావడి. మందల మీద బతికే మసాయి జనం నేల పైన, మన పశులకాపర్లు పేరు పెట్టిన చుక్కలు! ముందురోజు చీకటి పడ్డ కాసేపటికే నైరుతి వంక త్రిశంకుడు తల వాల్చి కనిపించాడు. మన ఊళ్ళలో వేసవిలో దక్షిణాన నేలకి ఆనుకున్నట్టుండే త్రిశంకుడు, వేళ కుదిరితే ఇక్కడ ఆకాశంలో మూడో వంతు ఎత్తు దాకా ఎక్కుతాడు. చుట్టూ ఎంత దూరం చూసినా ఒక్క కరెంటు దీపం లేకపోవడం వల్ల దక్కిన సంపద ఇది.

ఐదున్నరకి గోడ అవతల మళ్ళీ ఆ మెల్లని గొంతు. పాలూ నీళ్ళూ ఆకూ కలిపి మరిగించిన చాయ్ ఫ్లాస్కు, రెండు బిస్కెట్లు గుమ్మం ముందున్న బల్ల మీద పెట్టి వెళ్తాడు. ఆరింటికి ల్యాండ్ క్రూజర్ కదులుతుంది. తలుపులూ అద్దాలూ లేని బండి, ఒళ్ళో దుప్పటి. గైడ్ ఈ నేలలోనే పుట్టిన మసాయి యువకుడు, ఇక్కడి కోయియాకి గైడింగ్ స్కూల్లో చదువుకున్నాడు. 2005లో మసాయి పిల్లల కోసమే పెట్టిన బడి అది.

జంతువుల వెంట పరిగెత్తే ముందు అతను బండి ఆపింది ఒక ముళ్ళపొద దగ్గర. నిలువెత్తు ఉంటుంది, మన నల్లతుమ్మకి దాయాది. కొమ్మ పొడుగునా జంటలు జంటలుగా వేలెడు తెల్లముళ్ళు. కొన్ని జంటల మొదట్లో ఉసిరికాయంత నల్లటి బుడిపె, బుడిపెకి చీమ పట్టే కన్నం. గైడ్ వేలితో కొమ్మని ఒక్కసారి మీటాడు. కన్నాల్లోంచి చీమలు పొంగిపొర్లి, పొట్టలు పైకెత్తి కొమ్మంతా కమ్ముకున్నాయి. జిరాఫీ నాలుక నుంచీ ఏనుగు తొండం నుంచీ చెట్టుని కాచేది ఇవే. కూలి కింద చెట్టు వాటికి ఉండడానికి బుడిపె ఇల్లిచ్చింది, తాగడానికి ఆకుల మొదట్లో తేనె ఇచ్చింది. గాలి తిరిగినప్పుడు ఆ ఖాళీ బుడిపెల్లోంచి సన్నటి ఈల. బండి ఇంజిను ఆపి అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. సింహాన్ని చూపించడం ఏ గైడ్ అయినా చేస్తాడు. ఈల వేసే ముల్లుని వినిపించినవాడికి నేను శిష్యుణ్ణి.

ఆ పొద కొసన వాలిందొక పక్షి. రొమ్మున లేత ఊదా, రెక్క విప్పితే నీలం మీద నీలం. దసరా పూట చూస్తే శుభమని మనవాళ్ళు పొలిమేర దాకా వెళ్ళి వెతుక్కునే పాలపిట్టకి స్వయానా చుట్టం. తెలంగాణ రాష్ట్ర పక్షి పుట్టిన కులంలోనే పుట్టింది. పండగ లేకుండానే దర్శనమిచ్చింది.

మరికాస్త ముందుకి పోతే చెదపుట్ట మీద చివంగి, అదే చీతా. కంటి కొస నుంచి నోటి దాకా కన్నీరు కారి ఎండినట్టు నల్లటి చార, పిడికెడంత తల, నడుము ఉందా లేదా అన్నంత సన్నం. అరగంట సేపు అది మా వంక ఒక్కసారీ చూడలేదు, గడ్డి చివర్లనే చూస్తూ కూర్చుంది. మన దేశంలో చివంగి అంతరించిపోయినట్టు 1952లో ప్రకటించారు. అదే ఏడాది, అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉన్న చిత్తూరు జిల్లాలో చివంగి కనిపించినట్టు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్లో నమోదైంది. అంటే మన తాతల కాలానికి కూడా ఇది తెలుగు నేల మీద పరిగెత్తింది. 2022లో నమీబియా నుంచి కొన్నింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. అవి నిలదొక్కుకోవాలని నా కోరిక. కానీ ఆ ఉదయం పుట్ట మీద కూర్చున్నదాన్ని చూస్తుంటే, పోగొట్టుకున్న ఇంటి మనిషిని పరాయి ఊళ్ళో చూసినట్టు గొంతు పట్టేసింది.

విల్డెబీస్ట్‌ల గురించి అందరూ చెప్తారు. సెరెంగెటి నుంచి పది లక్షలకు పైగా, వాటితో పాటు జీబ్రాలూ జింకలూ, వానల్ని వెతుక్కుంటూ జూలైకీ అక్టోబరుకీ మధ్యలో మారా నదిని అటూ ఇటూ దాటుతాయి. సగటున ఏటా ఆరువేల పైచిలుకు ఆ నీళ్ళలోనే మునిగిపోతాయని పరిశోధకులు లెక్క తేల్చారు. ఆ కళేబరాల మీద చేపలూ మొసళ్ళూ రాబందులూ బతుకుతాయి. ఒడ్డున పదుల కొద్దీ బండ్లు మూగి ఉండే ఆ దృశ్యం నాకు అంతగా నచ్చదు. నబోయిషోకి తూర్పున లోయిటా మైదానాల నుంచి వచ్చే చిన్న మంద ఒకటుంది, నా మనసు దాని మీదే. దాన్ని చూడ్డానికి ఎవరూ ఎగబడరు. నదులు దాటే సాహసం దానికి లేదు. ఒకప్పుడు లక్ష దాటి ఉండేది. గోధుమ పొలాలూ కంచెలూ దారికి అడ్డంపడి చాలా చిక్కిపోయింది. మిగిలినవి ఒకదాని వెనక ఒకటి బారు కట్టి, తలలు వంచుకుని, మా బండి ముందు నుంచి మేతకి నడిచి వెళ్ళాయి.

ఇక్కడే నీ పాత కథ కూడా చెప్పాలి, గుడ్డగోడా! నువ్వు మొదట ఈ గడ్డ మీద దిగింది తుపాకి వెంట. 1909లో, అమెరికా అధ్యక్ష పదవి దిగిన కొద్ది వారాలకే, థియోడర్ రూజ్వెల్ట్ కొడుకు కెర్మిట్‌ని వెంటబెట్టుకుని తూర్పు ఆఫ్రికాకి బయల్దేరాడు. ఇద్దరూ కలిసి 512 జంతువుల్ని కాల్చారు. వందల మంది ఆఫ్రికన్ కూలీలు నిన్నూ, నీ లోపలి మంచాన్నీ, స్నానపు తొట్టెనీ నెత్తిన పెట్టుకుని మైళ్ళ కొద్దీ మోశారు. ఇత్తడి లాంతరు, తివాచీ, మడత బల్ల, ఈ సొగసంతా ఆనాటి దొరల వేటమకాముల నుంచి వచ్చిందే. 1977లో కెన్యా వేటని నిషేధించింది. తుపాకి పోయింది, నువ్వు మిగిలావు. నిన్ను ప్రేమిస్తున్నాను కాబట్టి ఆ నెత్తుటి మాట దాచలేను. అలాగే, జంతువుల్ని కాపాడే పేరు మీద 1959లో సెరెంగెటి నుంచి మసాయిల్ని మందలతో సహా బయటికి పంపేసిన సంగతీ దాచలేను.

నబోయిషోలో నువ్వు నిలబడ్డ తీరు వేరు. ఇక్కడి నేల 500కు పైగా మసాయి కుటుంబాలది. ఉమ్మడిగా ఉన్న మేతబీడుని ఈ శతాబ్దం మొదట్లో పంచుకుంటే ఇంటికొక ముక్క వచ్చింది. ఎవరి ముక్కకి వాళ్ళు కంచె వేసుకుని ఉంటే అక్కడితో కథ అయిపోయేది. ఏనుగుకి దారి ఉండేది కాదు, లోయిటా మందకి మేత ఉండేది కాదు. 2010లో వాళ్ళంతా ముక్కలు మళ్ళీ కలిపి, గుడారాలు నడిపేవాళ్ళకి కౌలుకిచ్చారు. గుడారంలో అతిథి ఉన్నా లేకున్నా నెలనెలా కౌలు రావాలన్నది షరతు. వంతుల ప్రకారం తమ ఆవుల్ని మేపుకునే హక్కు తమకే ఉంచుకున్నారు. 350 ఎకరాలకి ఒక గుడారం మించకూడదని కట్టడి పెట్టుకున్నారు. ఒక జంతువు చుట్టూ ఐదు బండ్లకి మించి చేరకూడదు.

350 ఎకరాలకి ఒక్క గుడారం! నీ ఐశ్వర్యం ఏమిటని ఎవరైనా అడిగితే నేను తివాచీ చూపించను, పట్టెమంచం చూపించను. ఆ 350 ఎకరాలు చూపిస్తాను. అందులో ఎవరూ ఏమీ కట్టలేదు, ఎవరూ ఏమీ దున్నలేదు. దున్న మేయడానికి వచ్చింది, సింహం పిలవడానికి చోటు దొరికింది, చుక్కలకి చీకటి దొరికింది. నా జేబులోంచి పోయిన డబ్బు, తక్కువేమీ కాదు, ఆ ఖాళీని ఖాళీగా ఉంచినందుకు ఒక మసాయి ఇంటికి చేరింది. పిల్ల చదువు ఫీజు అయింది, ఆవుకి మందు అయింది. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు గుడారాలు బోసిపోయాయి, మారా చుట్టుపక్కల చాలాచోట్ల కౌలు తగ్గించుకోక తప్పలేదు. అప్పుడు తెలిసింది లోకానికి, ఈ మైదానం ఎంత సన్నటి తాడు మీద వేలాడుతోందో. రేపు నీ మేకులు పీకేస్తే ఒక్క వానకారు చాలు, నువ్వున్న చోట గడ్డి మొలిచి ఆనవాలు కూడా మిగలదు. కంచె పాతితే అలా కాదు. ఆ కంచె దగ్గర నుంచి మందని వెనక్కి పిలిచేవాళ్ళుండరు.

మీలో ఎవరైనా డబ్బు కూడబెట్టుకుని ఆఫ్రికా వెళ్ళాలనుకుంటే, పెళ్ళిరోజుకో, పదవీ విరమణకో, పిల్లల చదువులు అయ్యాకో, తప్పకుండా వెళ్ళండి. హోటల్ గదిలో కాకుండా గుడ్డగోడల మధ్య పడుకోండి. బుక్ చేసే ముందు మాత్రం గుడారం ఎంత పెద్దది, స్నానపు తొట్టె ఉందా, భోజనంలో ఏమేం పెడతారు అన్నవి ఆఖరికి అడగండి. ముందు ఈ మూడూ అడగండి: ఈ నేల ఎవరిది, ఎన్ని ఎకరాలకి ఒక గుడారం వేశారు, కౌలు నెలనెలా ఎవరి చేతికి వెళ్తోంది. తడుముకోకుండా జవాబు చెప్పిన చోటికే మీ డబ్బు పంపండి.